పంచాయతీ లెక్కల మీద ప్రాజెక్టు: పోర్టలా, ఆర్టీఐనా, సామాజిక తనిఖీనా?

మా అక్క కొడుకు నల్గొండలో ఎంఏ చదువుతున్నాడు. మూడు నెలల ప్రాజెక్టు ఒకటి ఇచ్చారట, ఊళ్లో ప్రభుత్వ సొమ్ము ఎటు పోయిందో జనానికి ఎంతవరకు తెలుస్తోంది అన్నది విషయం. సార్లు ఇంటర్నెట్‌లో ఉన్న లెక్కలు చాలన్నారు, దోస్తులు ఆర్టీఐ, అంటే సమాచార హక్కు కింద అర్జీ వెయ్యమన్నారు, ఇంకెవరో సామాజిక తనిఖీ, అంటే లెక్కలు ఊరి జనం ముందు చదివి సరిచూసేది చూడమన్నారు. "మామా, అన్నీ పోర్టల్‌లనే ఉన్నయి కదా, మళ్ల ఊర్లకు పోవుడెందుకు?" అని ఫోన్ చేశాడు. ఫోన్‌లో చెప్పిందాంట్లో సగం మర్చిపోయే రకం, అందుకే రాసి పెడుతున్నా.

పోర్టల్ సంగతి తొందరగా తేల్చేద్దాం. పంచాయతీల లెక్కలు పెట్టే ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్ 2020 ఏప్రిల్ 24న మొదలైంది. ఊరి పేరు కొడితే పంచాయతీ ప్రణాళిక, వచ్చిన నిధులు, చెల్లింపులు కనిపిస్తాయి. పైసా ఖర్చు లేదు, ఎవరి ముందూ నిలబడే పని లేదు. 15వ ఆర్థిక సంఘం (2021-26) నిధుల్లో 60 శాతం తాగునీళ్లకు, పారిశుధ్యానికే పెట్టాలన్న షరతుంది కాబట్టి, ఏ పద్దు కింద ఏం రాశారో చూస్తే ఎక్కడ అనుమానం రావాలో తెలుస్తుంది. అంతవరకే. ఎందుకంటే ఖర్చు పెట్టిన ఆఫీసే ఆ అంకెలు ఎక్కిస్తుంది. సీసీ రోడ్డుకు ఎంత చెల్లించారో ఉంటుంది గానీ ఆ రోడ్డు ఎన్ని అంగుళాల మందం పోశారో ఉండదు.

ఇంకో చిక్కు కూడా ఉంది, ఇది మన దిక్కు పనిచేసేవాళ్లకే తెలిసే తలనొప్పి. 2011 జనాభా లెక్కల్లో ఉన్న మహబూబ్‌నగర్ జిల్లా వేరు, ఇప్పుడున్నది వేరు. 2016 అక్టోబర్‌లో నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల విడిపోయాయి, 2019లో నారాయణపేట పోయింది, షాద్‌నగర్ రంగారెడ్డిలో కలిసింది, కొడంగల్ వికారాబాద్‌లో కలిసింది. నల్గొండ కూడా మూడు ముక్కలైంది. ఈ సంగతి పట్టించుకోకుండా పాత జిల్లా అంకె పక్కన కొత్త జిల్లా అంకె పెట్టి "అభివృద్ధి" అని రాస్తే నవ్విపోతారు. అందుకే జిల్లాల జోలికి పోకు, ఒకటో రెండో ఊళ్లు పట్టుకో అన్నాను.

ఇక ఆర్టీఐ. 2005 చట్టం. మన దగ్గర గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. గడువు దాటితే కాగితాలు ఉచితంగా ఇవ్వాలి, కారణం లేకుండా ఆలస్యం చేస్తే రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా కూడా ఉంది. చదివితే బ్రహ్మాండంగా ఉంటుంది. నేను మొదటిసారి వేసినప్పుడు ఏమైందో వినండి. "మా ఊరి ట్యాంకుకు నీళ్లు సరిగా ఎందుకు రావట్లేదు?" అని రాశాను. ఇరవై తొమ్మిదో రోజున ఒకే ఒక్క వాక్యం వచ్చింది, మీరు అడిగినది సమాచారం కిందికి రాదు అని. కోపం వచ్చింది గానీ తప్పు నాదే. వాళ్ల దగ్గరున్న రికార్డు ఇవ్వడమే వాళ్ల పని, "ఎందుకు" అంటే తప్పించుకోవడానికి మనమే తోవ చూపించినట్టు. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ గురించి అడగాలనుకుంటే "నీళ్లు బాగలేవు" అని రాయొద్దు, ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా నీటి పరీక్షల ఫలితాల నకళ్లు కావాలి అని రాయాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందా లేదా అన్నది ఆ కాగితమే చెబుతుంది.

రెండోసారి తెలివి చూపించి అన్నిటికీ నకళ్లు అడిగాను. 400 పేజీలున్నాయి, పేజీకి 2 రూపాయల చొప్పున 800 కట్టండి అన్నారు. మూడోసారి గానీ బుద్ధి రాలేదు. ఫైలు చూసే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది, మొదటి గంటకు ఫీజు లేదు, ఆ తర్వాత ప్రతి పావుగంటకు 5 రూపాయలు. పోయి కూర్చుని ఎం.బుక్, అదే పని కొలతలు రాసే పుస్తకం, తిరగేస్తే నాకు కావలసినవి ఆరు పేజీలే అని తేలింది. పన్నెండు రూపాయలతో అయిపోయింది. ఆ ఆఫీసు అటెండర్ ఛాయ్ కూడా పోశాడు, అది వేరే కథ.

ఆర్టీఐలో అసలు టెన్షన్ ఎక్కడంటే, వాళ్లు ఇవ్వకపోతే. మొదటి అప్పీలు ముప్పై రోజుల్లోపు అదే శాఖ పై అధికారికి వేయాలి, అక్కడా కాకపోతే తొంభై రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండోది. మన రాష్ట్ర కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా కమిషనర్లే లేరు, 2025 మేలో గానీ వేయలేదు. మూడు నెలల ప్రాజెక్టు పెట్టుకుని అప్పీళ్ల మీద ఆశ పెట్టుకోలేం.

మూడోది సామాజిక తనిఖీ, నా ఓటు ఎక్కువగా దీనికే. ఉపాధి హామీ, అదే మన జనం కరువు పని అంటారే, దాని 2005 చట్టం (2025 చివర్లో దాని స్థానంలో కొత్త చట్టం తెచ్చారు) 17వ సెక్షన్‌లో గ్రామసభ చేత తనిఖీ చేయించాలని రాశారు. ఆ పథకం 2006లో మొదలైన మొదటి విడత జిల్లాల్లో నల్గొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నాయి కాబట్టి ఇక్కడి కూలీలకు మస్టరు (హాజరు పట్టీ), మేటు (పని దగ్గర కూలీలను చూసుకునే మనిషి), ప్రజావేదిక (తనిఖీలో తేలింది జనం ముందు చెప్పే సభ) కొత్త మాటలు కావు. నారాయణపేట దిక్కు ఒక ఊరు అనుకుందాం. ఒకాయన ఆరు రోజులు పని చేశాడని పోర్టల్ చూపిస్తుంది. ఆర్టీఐ వేస్తే ఆ మస్టరు నకలు, దాని మీద వేలిముద్ర వస్తాయి. రెండూ ఒకదానికొకటి సరిపోతాయి, ప్రాజెక్టులో "సక్రమం" అని రాసేస్తావు. అదే మస్టరు ఊళ్లో రచ్చకట్ట దగ్గర గట్టిగా చదివితే వెనక నుంచి ఎవరో ముసలామె అంటుంది, "ఆడు దసరా కాన్నుంచి బొంబైలనే ఉండె గద బిడ్డా". వలస పోయిన మనిషి సంగతి ఊరికి తెలిసినట్టు ఏ వెబ్‌సైటుకూ తెలియదు. 2023 జనవరి నుంచి పని దగ్గర రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో పెట్టాలన్నారు, బాగానే ఉంది, కానీ ఆ ఫొటోలో మొహాలు ఎవరివో గుర్తుపట్టాల్సింది మళ్లీ ఆ ముసలామే.

ఆర్టీఐ కూడా ఇట్లాంటి దాంట్లోంచే పుట్టింది. రాజస్థాన్‌లో 1994 నుంచి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు పనుల బిల్లులు, మస్టర్లు జనం ముందు చదువుతూ వచ్చారు, ఆ కాగితాలు ఇవ్వమని పోరాడగా పోరాడగా చట్టం వచ్చింది.

తనిఖీలోనూ లొసుగులు లేకపోలేదు. మనకు కావలసినప్పుడు జరగదు, ఆరు నెలలకోసారి అని రూల్ ఉన్నా వాళ్ల షెడ్యూలే షెడ్యూలు. ఇంట్లో అన్నీ చెప్పిన మనిషి మండల ప్రజావేదికలో ఫీల్డ్ అసిస్టెంట్ ఎదురుగా నోరు మెదపడు, రేపు పని పెట్టేది ఆయనే కాబట్టి. తేలిన సొమ్ము రికవరీ కావడం ఇంకో పెద్ద కథ.

అందుకని మావాడికి చెప్పింది ఇదీ: పోర్టల్ మీద రెండు రోజులకు మించి కూర్చోకు, ఏ పని, ఏ సంవత్సరం, ఎంత అన్నది రాసుకుని లే. ఆ ఒక్క పని ఫైలు చూస్తానని మండలంలో అర్జీ పెట్టు. అది వచ్చేలోపు ఊళ్లో తిరుగు, కూలీలతో ఇళ్ల దగ్గర మాట్లాడు, ప్రాజెక్టులో ఎవరి పేరూ రాయకు. నకళ్లు చేతికొచ్చాక అవే పట్టుకుని మళ్లీ పోయి చదివి వినిపించు. ఆ దగ్గర్లో ప్రజావేదిక పడితే అదృష్టం, పొద్దున్నే పోయి కూర్చో.

"గిదంతా మూడు నెలల్ల అయితదా మామా?" అన్నాడు. అర్జీ ఈ సోమవారమే పెట్టమన్నాను, ముప్పై రోజులు ఆ రోజు నుంచే లెక్క. రసీదు మీద తేదీ, ముద్ర వేయించుకోవడం మర్చిపోతాడని నా భయం.