ఐబీఎం ఐ నెట్‌సర్వర్: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

ఐబీఎం పవర్ సర్వర్ మీద ఐబీఎం ఐ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిపే చోట (ఏఎస్ 400 అనే పాత పేరే ఇప్పటికీ చాలామంది నోట నలుగుతుంది) విండోస్ పీసీలకు ఫోల్డర్ ఇవ్వాలంటే ఇంకో ఫైల్ సర్వర్ కొననక్కర్లేదు. సర్వర్‌లోని ఫోల్డర్లను పీసీలకు పంచే నెట్‌సర్వర్ ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటే వస్తుంది, పీసీలో ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఇన్వాయిస్ పీడీఎఫ్‌లు, బ్యాంకుకు పంపే పేమెంట్ ఫైళ్లు, రాత్రి జాబ్ తీసే సీఎస్‌వీ రిపోర్టులు: ఈ పనులకు ఏళ్లుగా వాడిన మీదట ధైర్యంగా చెప్పొచ్చు, ఇది నమ్మదగిన సరుకు. కాకపోతే షేర్ (పీసీలకు పంచే ఫోల్డర్) తెరవడానికి పది నిమిషాలు చాలు. ఆథారిటీలు, అంటే ఎవరికి ఏ హక్కు అన్నది, కుదిర్చేసరికే వారాలు పడుతుంది.

మొదలుపెట్టే పని చిన్నదే. క్యూసర్వర్ సబ్‌సిస్టమ్ (ఫైల్ సర్వర్ జాబ్‌లు నడిచే చోటు) నడుస్తూ ఉండాలి. ఆ తర్వాత స్టార్ట్ టీసీపీ సర్వర్ కమాండ్‌కు నెట్‌సర్వర్ పేరు ఇవ్వాలి. ఐపీఎల్ (సిస్టమ్ రీస్టార్ట్) అయ్యాక షేర్లు కనబడడం లేదంటే ముందు చూడాల్సింది స్టార్టప్ ప్రోగ్రామ్‌లో ఈ రెండింటి వరసే. ఫైర్‌వాల్‌లో 445 పోర్టు తెరవాలి. మామూలుగా నెట్‌సర్వర్ పేరు సిస్టమ్ పేరుకు ముందు క్యూ చేర్చి వస్తుంది. దాన్ని డీఎన్‌ఎస్‌లో ఉన్న హోస్ట్ పేరుతో సమానం చేసేయండి, పీసీల్లో పేరు దొరకని గొడవ తీరుతుంది. షేర్ పేరు 12 అక్షరాలు దాటకూడదు. షేర్లు చేర్చడానికి నావిగేటర్ (బ్రౌజర్‌లో తెరిచే అడ్మిన్ స్క్రీన్) చాలు. ఉన్నవన్నీ ఒక్కచోట చూడాలంటే క్యూసిస్2 లైబ్రరీలోని సర్వర్ షేర్ ఇన్ఫో వ్యూ మీద ఎస్‌క్యూఎల్ సెలెక్ట్ వేసుకోవచ్చు.

ఇక అసలు సంగతి. షేర్‌కు రీడ్ రైట్ ఇచ్చినంత మాత్రాన యూజర్‌కు హక్కు వచ్చేసినట్టు కాదు. తలుపు తీశారంతే. లోపల ఏ గదిలోకి పోవచ్చో చెప్పేది ఐఎఫ్‌ఎస్ (ఐబీఎం ఐలోని ఫైల్ సిస్టమ్) ఆబ్జెక్ట్ ఆథారిటీ. ఫైనాన్స్ ఫోల్డర్‌లో ఇన్వాయిస్, దానిలో 2025 ఉన్నాయనుకోండి. యూజర్‌కు రూట్ నుంచి ప్రతి మెట్టులోనూ ఎగ్జిక్యూట్ ఆథారిటీ ఉండాలి. నడిమి మెట్టు ఒక్కటి తప్పినా విండోస్ 'యాక్సెస్ డినైడ్' అని ఊరుకుంటుంది, ఎక్కడ ఆగిందో చెప్పదు. వర్క్ లింక్ కమాండ్ తెరిచి, పై నుంచి ఒక్కో డైరెక్టరీ మీద ఆప్షన్ 9 (ఆథారిటీలు చూపించేది) వేసి చూసుకుంటూ దిగడమే మార్గం.

ఎక్సెల్ దగ్గర వచ్చే చిక్కు ఇంకా తికమక పెడుతుంది. నోట్‌ప్యాడ్‌లో ఫైలు సేవ్ అవుతుంది, అదే ఫోల్డర్‌లో ఎక్సెల్ ఫైలు మాత్రం సేవ్ కాదు. నోట్‌ప్యాడ్ ఉన్న ఫైల్లోనే రాస్తుంది. ఎక్సెల్ ముందు టెంపరరీ ఫైలు రాసి, పాతదాన్ని తీసేసి, కొత్తదానికి ఆ పేరు పెడుతుంది. తీసేయడానికి ఫైలు మీద ఆబ్జెక్ట్ ఎగ్జిస్టెన్స్, పేరు మార్చడానికి ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్, డైరెక్టరీ మీద రైట్, ఎగ్జిక్యూట్ ఉండాలి. డేటా ఆథారిటీ ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే ఇక్కడే దొరికిపోతాం. పైగా సేవ్ చేసినవాళ్లే ఆ ఫైలుకు కొత్త ఓనర్ అవుతారు. అందుకే ఫైలు ఫైలుకూ విడిగా హక్కులు రాయొద్దు. డైరెక్టరీకి ఆథరైజేషన్ లిస్టు (ఎవరికి ఏ హక్కో రాసిన ఒకే జాబితా) కట్టండి, కొత్త ఫైళ్లు దాన్నే అందుకుంటాయి.

రూట్‌ను షేర్ చేసి పెట్టే అలవాటు ఎక్కడ కనబడినా వెంటనే తీసేయండి. రూట్ కింద ప్రోగ్రామ్‌లు, డేటాబేస్ ఉండే క్యూసిస్ డాట్ లిబ్ కూడా ఉంటుంది, అంటే లైబ్రరీలన్నీ విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో ఫోల్డర్లలా కనబడతాయి. ఆల్ ఆబ్జెక్ట్ హక్కు (సిస్టమ్‌లో అన్నిటి మీదా అధికారం) ఉన్న యూజర్ పీసీలోకి రాన్‌సమ్‌వేర్ దూరితే దానికి అడ్డేమీ ఉండదు. క్యూపీడబ్ల్యూఎఫ్‌సర్వర్ అనే ఆథరైజేషన్ లిస్టులో పబ్లిక్‌ను (విడిగా హక్కు రాయని అందరినీ) ఎక్స్‌క్లూడ్ చేస్తే మామూలు యూజర్లకు ఆ దారి మూసుకుపోతుంది, ఆల్ ఆబ్జెక్ట్ ఉన్నవాళ్లను మాత్రం అది ఆపదు. కాబట్టి చదవడానికే అవసరమైన షేర్లను రీడ్ ఓన్లీ చేయాలి, ఆల్ ఆబ్జెక్ట్ ప్రొఫైల్‌తో డ్రైవ్ మ్యాప్ చేయడం మానాలి. ఐబీఎం ఐ 7.5 రిలీజ్ నుంచి షేర్‌కే నేరుగా ఆథరైజేషన్ లిస్టు కట్టొచ్చు. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన సౌకర్యం ఇది. ఆ రిలీజ్‌లో ఉన్నవాళ్లు తప్పక వాడుకోవాలి.

హెల్ప్‌డెస్క్‌కు ఎక్కువగా వచ్చే కాల్ వేరు: 'గ్రీన్ స్క్రీన్‌లోకి (ఐబీఎం ఐ టెర్మినల్) పోతున్నాను గానీ డ్రైవ్ తెరుచుకోవడం లేదండీ.' తప్పు పాస్‌వర్డ్ ప్రయత్నాలు క్యూమ్యాక్స్‌సైన్ అనే సిస్టమ్ సెట్టింగ్‌లోని హద్దు చేరితే నెట్‌సర్వర్ ఆ యూజర్‌ను తన వరకు డిజేబుల్ చేస్తుంది. ప్రొఫైల్ మాత్రం ఎనేబుల్డ్ అనే చూపిస్తుంది. గుర్తుపట్టాలంటే క్యూసిస్‌ఓపీఆర్‌లో (ఆపరేటర్ మెసేజ్‌లు చేరే చోటు) సీపీఐబీ682 మెసేజ్ వెతకండి. చాలాసార్లు యూజర్ తప్పేమీ ఉండదు: పాస్‌వర్డ్ మార్చుకున్నాక విండోస్ దాచుకున్న పాతదాన్నే మళ్లీ మళ్లీ పంపుతుంది. ముందు పీసీలో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి ఆ ఎంట్రీ తీసేయించాలి. ఆ తర్వాతే నావిగేటర్‌లోని డిజేబుల్డ్ యూజర్ల జాబితాలో గానీ, చేంజ్ యూజర్ ప్రొఫైల్ కమాండ్‌తో గానీ ఎనేబుల్ చేయాలి. వరస తిరగేస్తే కాసేపట్లో మళ్లీ అదే కాల్ వస్తుంది. పాస్‌వర్డ్ లెవెల్ (పాస్‌వర్డ్ నియమాల సెట్టింగ్) 0 లేదా 1లో ఉన్న సిస్టమ్‌కు పెద్ద, చిన్న అక్షరాలు కలిపి కొట్టిన పాస్‌వర్డ్ కూడా ఇక్కడ చెల్లదు. అన్నీ చిన్న అక్షరాల్లోనే కొట్టమనండి.

వెర్షన్ల సంగతి క్లుప్తంగా. విండోస్ 10లో 1709 అప్‌డేట్ నుంచి ఎస్ఎంబీ1 (పీసీ, సర్వర్ ఫైళ్లు పంచుకునే ప్రోటోకాల్ పాత వెర్షన్) మామూలుగా ఇన్‌స్టాల్ అవదు. పాత ఓఎస్ కోసం దాన్ని ప్రతి పీసీలో మళ్లీ తెరవడం పరిష్కారం కాదు. ఐబీఎం ఐ 7.3లో ఎస్ఎంబీ2, 7.4లో ఎన్‌క్రిప్షన్‌తో ఎస్ఎంబీ3 ఉన్నాయి, ఓఎస్‌నే పైకి తీసుకెళ్లండి. విండోస్ 11 24హెచ్2 సైనింగ్ (ప్రతి మెసేజ్ అసలైనదేనని రుజువు చేసే సంతకం) అడుగుతుంది. గెస్ట్ ప్రొఫైల్ (పాస్‌వర్డ్ లేకుండా లోపలికి రానిచ్చేది) మీద నడిచే షేర్లు అక్కడ ఆగిపోతాయి. గెస్ట్‌ను ఎత్తేయడానికి అంతకన్నా మంచి సందర్భం రాదు.

ఫైళ్లకు తెలుగు పేర్లు పెడితే నెట్‌సర్వర్ ఇబ్బంది పడదు, ఐఎఫ్‌ఎస్ రూట్‌లో పేర్లు యూనికోడ్‌లోనే ఉంటాయి. ఇబ్బంది లోపలి డేటాతోనే. సీసీఎస్ఐడీ (అక్షరాల కోడ్ నంబర్) 37 ఉన్న డేటాబేస్ కాలమ్‌లో తెలుగు పట్టదు. కాలమ్ యూనికోడ్‌లో ఉండాలి, కాపీ టు ఇంపోర్ట్ ఫైల్ కమాండ్‌లో స్ట్రీమ్ ఫైల్ సీసీఎస్ఐడీ 1208 (యూటీఎఫ్ 8) ఇవ్వాలి. అప్పటికీ ఎక్సెల్‌లో చెత్త అక్షరాలు కనబడితే ఫైలు మొదట్లో బీఓఎం (ఇది యూనికోడ్ అని తెలిపే గుర్తు) లేదని అర్థం. నేరుగా తెరవకుండా డేటా ఇంపోర్ట్‌లో యూటీఎఫ్ 8 ఎంచుకుంటే కుదురుతుంది.

బ్యాకప్ దగ్గర ఒక జాగ్రత్త. సాయంత్రం ఎవరైనా ఎక్సెల్ మూయకుండా వెళ్లిపోతే రాత్రి సేవ్‌లో ఆ ఫైలు 'ఆబ్జెక్ట్ ఇన్ యూజ్' అంటూ సీపీఎఫ్‌ఏ09ఈతో తప్పిపోతుంది. సేవ్‌కు ముందు నెట్‌సర్వర్ ఆపి, అయ్యాక మళ్లీ మొదలుపెట్టేలా సీఎల్ (ఐబీఎం ఐ కమాండ్ భాష) ప్రోగ్రామ్ రాసుకోండి. ఒక్కో డైరెక్టరీలో వేల ఫైళ్లు పోగుపడనివ్వకుండా నెలవారీ విడగొట్టుకుంటే ఎక్స్‌ప్లోరర్‌లో జాబితా కూడా చప్పున వస్తుంది.

ఇంజనీరింగ్ డ్రాయింగులు, వీడియోలు, అందరి సొంత ఫోల్డర్లు దీని మీద పెట్టమని మాత్రం చెప్పను. ఆ డిస్కు ఖరీదైనది, బ్యాకప్ సమయం పెరిగిపోతుంది. వాటికి ఎన్ఏఎస్ (నెట్‌వర్క్‌లో పెట్టే విడి ఫైల్ స్టోరేజ్) పెట్టుకుని, ఐబీఎం ఐలో పుట్టే ఫైళ్లకూ అక్కడికి చేరాల్సిన ఫైళ్లకూ నెట్‌సర్వర్ ఉంచండి.