క్లచ్ కవర్ గాస్కెట్‌కు డబ్బు తీసుకుని సిలికాన్ పూసి పంపారు: సికింద్రాబాద్ వైపు బండి ఇచ్చేవారు జాగ్రత్త

షాపు పేరు రాయడం లేదు. ‘కంపెనీ ఒరిజినల్ స్పేర్లు మాత్రమే’ అని గుమ్మం మీద పెద్ద అక్షరాలతో రాయించుకున్న షాపులన్నీ ఒరిజినలే వేస్తాయనుకునే నాబోటి అమాయకుల కోసమే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నా స్ప్లెండర్‌కు కుడివైపు క్లచ్ కవర్ కింది అంచు నుంచి ఆయిల్ చెమర్చి, సైలెన్సర్ పైపు మీద పడి కాలిన వాసన వస్తుండేది. ప్యాకింగ్ (అదే గాస్కెట్, కవర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఆయిల్ కారకుండా వేసే పలుచని కాగితం పొర) పోయిందని, మార్చాలని షాపువారే చెప్పారు. గాస్కెట్‌కు, కొత్త ఆయిల్‌కు, కూలికి విడివిడిగా లెక్క రాసి రూ.850 తీసుకున్నారు. వారం తిరగకముందే అదే చోట మళ్ళీ ఆయిల్ కారడం మొదలైంది.

బిల్లు పట్టుకుని వెళ్తే యజమాని కుర్చీలోంచి లేవలేదు సరికదా, వంగి బండి వైపు చూడను కూడా లేదు. “పాత బండి సార్, ఇంజన్ అన్నంక ఆయిల్ కారకుంటె ఎట్ల? అంత ఇబ్బందైతె కొత్తది కొనుక్కోండ్రి” అని, పక్కనున్న కస్టమర్ల వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు చూశాకే నేను ఎదురు మాట్లాడకుండా బండి తోసుకుంటూ మా వీధి చివరి మెకానిక్ దగ్గరకు వెళ్ళాను.

కవర్ విప్పగానే విషయం బయటపడింది. కొత్త గాస్కెట్ అన్నది లోపల లేనే లేదు. సగం చిరిగిన పాత కాగితం గాస్కెట్ అలాగే అంటుకుని ఉండగా, దాని మీద బూడిదరంగు సిలికాన్‌ను రొట్టె మీద వెన్న పూసినట్టు దట్టంగా పూసి బిగించారు. పాతదాన్ని కొంతవరకు స్క్రూడ్రైవర్‌తో గీకే ప్రయత్నం చేసినట్టున్నారు, అల్యూమినియం అంచు మీద గోరు తగిలేంత లోతుగా గీతలు పడ్డాయి. ఆ గీతల గుండా ఆయిల్ దారి చేసుకుంటుంది కాబట్టి ఇక కొత్త గాస్కెట్ వేసినా కారకుండా ఉంటుందన్న నమ్మకం లేదు. కవర్‌ను సరిగ్గా కూర్చోబెట్టే డోవెల్ పిన్నులలో ఒకటి మాయం. 6 మి.మీ. బోల్టులను కొద్దికొద్దిగా, ఎదురెదురుగా సుమారు 10 న్యూటన్ మీటర్ల బలంతో బిగించవలసి ఉండగా, ఒకదాన్ని బలవంతంగా తిప్పి, ఇంజన్ కేసులో ఆ బోల్టు పట్టుకునే మరను అరగదీసి పాడుచేశారు.

వీటన్నిటికన్నా నాకు భయం కలిగించినది ఆయిల్‌ను వడకట్టే జాలీ. ఈ ఇంజన్‌లో అది ఆ కవర్ వెనుకనే ఉంటుంది; మెకానిక్ దాన్ని లాగి చూపిస్తే, లోపలికి పొంగిన సిలికాన్ తెగి పోగులు పోగులుగా దాన్ని పట్టుకుని ఉంది. జాలీ మూసుకుపోతే పంపు ఆయిల్‌ను పైకి పంపలేదు, ఇంజన్ పైభాగమైన హెడ్‌లో వాల్వులను నడిపే క్యామ్‌షాఫ్టు, రాకర్లు పొడిగా అరిగిపోతాయి. అంటే చిన్న లీకుకు వైద్యం చేస్తామని చెప్పి ఇంజన్‌కే ఎసరు పెట్టారన్నమాట.

షాపు యజమానికి ఫోటోలు పంపి అడిగితే, “వేరేటోళ్ళు ఓపెన్ చేసినంక మా వారంటీ లేదు” అన్నాడు. విప్పకపోతే లీకు మామూలేనట, విప్పితే వారంటీ పోయిందట! ఎంత చక్కటి ఏర్పాటో చూడండి.

బండి ఇచ్చేవారు గాస్కెట్ ప్యాకెట్‌ను తమ ఎదుటే విప్పించుకుని, తీసిన పాత గాస్కెట్‌ను అడిగి తీసుకోవడం మంచిది. దానికన్నా ముందు ఇంజన్‌ను శుభ్రంగా తుడిచి కాసేపు నడిపి చూస్తే కారుతున్నది కవర్ అంచు నుంచా, కిక్ షాఫ్ట్ సీలు నుంచా అన్నది కూడా తెలిసిపోతుంది. నేను బిల్లు, ఫోటోలు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. డోవెల్ పిన్ను దొరికేదాకా బండి మాత్రం మెకానిక్ షెడ్డులోనే ఉంది.