ప్రైమరీ స్కూలు హెచ్‌ఎమ్ కుర్చీలో సిస్టరా, టీచరమ్మా: ఏది మేలు?

విశాఖలో కథోలిక బడులకు వయసు ఎక్కువే. ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న ఆనెసీ నుంచి ఫాదర్లు 1846లో ఇక్కడ దిగారు, మరుసటి ఏడాదికే పాత ఊళ్ళో సెయింట్ అలోషియస్ స్కూలు మొదలైంది. తర్వాత చాలా కాలానికి, 1958లో, జ్ఞానాపురంలో సెయింట్ జోసెఫ్స్ మహిళా కళాశాల వచ్చింది. ఇన్నేళ్ళలో బడి పెద్ద ఎవరన్నది ఎవరూ ఆలోచించాల్సిన విషయం కాలేదు. ఆడపిల్లల బడికి సిస్టరు, మగపిల్లల బడికి ఫాదరు లేదా బ్రదరు, అంతే. ఇప్పుడు ఆ కుర్చీలో సిస్టరా, మఠంలో లేని టీచరమ్మా అని ఆలోచించక తప్పడం లేదు. మఠాల్లో చేరే అమ్మాయిలు తగ్గారు. ఉన్న సిస్టర్ల వయసు పెరుగుతోంది. నగరమేమో మధురవాడ దాటి, గాజువాక దాటి పోతోంది.

నేను మాట్లాడేది ఒకటి నుంచి ఐదు వరకే. హైస్కూలుకు లెక్క వేరు, అక్కడ పదో తరగతి రిజల్ట్సే సగం పెత్తనం చేస్తాయి.

ఎవరు మేలో తేల్చే ముందు, ఆ బడి ఎందుకు పెట్టారో చూడాలి. కథోలిక బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ 1965 అక్టోబర్ 28న విద్య మీద ఇచ్చిన ప్రకటనలో అది సూటిగానే ఉంది. డబ్బు లేనివాళ్ళు, ఇంటి అండ లేనివాళ్ళు, వేరే విశ్వాసాల వాళ్ళు, వీళ్ళ అవసరాలు ప్రత్యేకంగా చూడాలని. మన ఊళ్ళో ఈ ముగ్గురూ ఒకే బెంచీ మీద దొరుకుతారు. కానీ అన్ని బడుల్లోనూ దొరుకుతున్నారా? మైనారిటీ బడుల మీద జాతీయ బాలల హక్కుల కమిషన్ 2021లో ఒక నివేదిక ఇచ్చింది. క్రైస్తవ బడుల్లో నూటికి 74 మంది క్రైస్తవేతరులేనంది. మొత్తం మైనారిటీ బడుల్లో సామాజికంగా, ఆర్థికంగా వెనకబడిన ఇళ్ళ పిల్లలు మాత్రం 8.76 శాతమేనంది. ఆ నివేదిక ఉద్దేశాలేమిటని వాదించేవాళ్ళు ఉన్నారు, వాదించుకోనివ్వండి. ఎల్‌కేజీ అప్లికేషన్ల కోసం తెల్లారకముందే గేటు దగ్గర నిలబడే లైను చూస్తే ఆ రెండో అంకె నాకేమీ వింతగా అనిపించదు.

కాబట్టి నా కొలత ఇదొక్కటే. ఫీజు కట్టలేని ఇంటి బిడ్డ ఒకటో తరగతిలో చేరి, ఐదో తరగతి దాకా నిలిచి, ఈలోపు తెలుగూ ఇంగ్లీషూ తడబడకుండా చదవడం నేర్చుకోవాలి. ఇది ఎవరి చేతిలో ఎక్కువగా జరుగుతుంది?

హార్బర్ దగ్గరి మత్స్యకారుల ఇళ్ళ సంగతి తీసుకోండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. బడులు తెరిచేది జూన్ రెండో వారంలో. అంటే మొదటి టర్మ్ ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు అన్నీ కలిసి వచ్చి పడేసరికి ఆ ఇంట్లో రెండు నెలలుగా సంపాదన ఉండదు. జాలారిపేట నుంచి వచ్చిన తల్లి ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి, "యాట ఇప్పుడే మొదలైందమ్మా, ఆగస్టుకి కట్టేత్తాను" అంటుంది. అప్పుడు కుర్చీలో ఎవరున్నారన్నది తేలిపోతుంది.

ఆ కుర్చీలో నాలుగేళ్ళుగా ఉన్న సిస్టర్ అయితే రిజిస్టర్‌లో ఆ పిల్లవాడి పేరు పక్కన పెన్సిల్‌తో 'ఆగస్టు' అని రాసి, "వెళ్ళిరా అమ్మా, బిడ్డని రేపట్నించి పంపు" అంటుంది. ఎవరినీ అడగాల్సిన పని లేదు. మొన్న మే నెలలోనే కేరళ నుంచో జార్ఖండ్ నుంచో బదిలీ మీద వచ్చిన సిస్టర్ అయితే, ముందు గుమాస్తా వైపు తిరిగి "ఏమంటున్నారు?" అని అడుగుతుంది. పాపం ఆవిడ తప్పేం లేదు. వేట నిషేధం గురించి ఆవిడకు చెప్పినవాళ్ళెవరు? అదే పెద్ద టీచర్ హెచ్‌ఎమ్ అయితే, ఆ తల్లి నోరు తెరవకముందే విషయం తెలుసు, ఆ పిల్లవాడి అన్నకీ ఆవిడే పాఠం చెప్పింది. కానీ "కరస్పాండెంట్ గారిని అడిగి చెప్తానమ్మా, సోమవారం రా" అంటుంది. సోమవారం రావడమంటే ఆ తల్లికి ఒక పూట కూలి.

తెలిసినవాళ్ళకు అధికారం లేదు, అధికారం ఉన్నవాళ్ళకు తెలిసేలోపు బదిలీ. అసలు చిక్కు ఇక్కడుంది.

సిస్టర్ వైపు మాట్లాడాల్సింది చాలానే ఉంది. ఆవిడ బడి పక్కనే కాన్వెంట్‌లో ఉంటుంది. సాయంత్రం ఆటో రాక ఏడుస్తూ కూర్చున్న పిల్ల దగ్గర చివరిదాకా ఉండేది ఆవిడే. జీతం ఆవిడ చేతిలో మిగలదు, మఠానికే పోతుంది. ఎయిడెడ్ స్కూళ్ళలో అలా పోయే జీతం మీద టీడీఎస్ పట్టాలా వద్దా అని ఏళ్ళ తరబడి కేసు నడిచి, పట్టాల్సిందేనని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. పట్టినా పట్టకపోయినా, సొంత ఇల్లు, సొంత పిల్లల ఫీజుల టెన్షన్ లేని మనిషి తీసుకునే నిర్ణయాల్లో ఒక తెగువ ఉంటుంది. కార్పొరేటర్ ఫోన్ చేసి సీటు అడిగినా "లేదండీ" అనగలదు. తల్లిదండ్రుల నమ్మకం సంగతి సరేసరి. సిస్టర్ ఉందంటే ఆడపిల్లను నిశ్చింతగా పంపుతారు, ఏ మతం వాళ్ళయినా.

ఇంత ఉన్నా ఒక్క బదిలీ ఉత్తరం దాన్నంతా మొదటికి తెస్తుంది. విధేయత వ్రతం తీసుకున్నాక ప్రొవిన్షియల్, అంటే మఠాల పెద్ద, ఎక్కడికి పంపితే అక్కడికి పోవాల్సిందే. మూడేళ్ళు, మహా అయితే ఆరేళ్ళు. ఒకటో తరగతిలో చేరిన పిల్ల ఐదు దాటేలోపు ఇద్దరు ముగ్గురు హెచ్‌ఎమ్‌లను చూసేస్తుంది. వచ్చిన ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి మారుస్తారు. ఒకరు డైరీ మారుస్తారు, ఒకరు పరీక్షల పద్ధతి, ఇంకొకరు టై రంగు. (టై రంగు మార్చిన ప్రతిసారీ బాగుపడేది షాపువాడే, అది వేరే సంగతి.) ఇక చదవడం నేర్పడం ఆరు నెలల పని కాదు. రెండో తరగతిలో గుణింతాల దగ్గర ఆగిపోయిన పిల్లను నాలుగులో గుర్తుపట్టి, ఎక్కడ ఆగిందో చెప్పగల మనిషి బడిలో ఉండాలి. తెలుగు సరిగా రాని హెచ్‌ఎమ్ ఎంత మంచివారైనా ఇది చేయలేరు.

టీచరమ్మ బలం సరిగ్గా ఇదే. రెండు దశాబ్దాలు అదే వరండాలో తిరిగిన మనిషికి ఏ టీచర్ లెక్కలు బాగా చెబుతుందో, ఎవరు నోట్సు రాయించి చేతులు దులుపుకుంటారో తెలుసు. ఎవరింట్లో నాన్న తాగుతాడో, ఎవరిది అమ్మమ్మ పెంపకమో తెలుసు. కథోలిక బడి తన లక్ష్యాలు చేరడం దాదాపు పూర్తిగా ఉపాధ్యాయుల మీదే ఆధారపడి ఉందని 1965 ప్రకటనే ఒప్పుకుంది. 1982లో వాటికన్ గృహస్థ ఉపాధ్యాయుల (ఫాదర్లు, సిస్టర్లు కానివాళ్ళ) మీదే విడిగా ఒక పత్రం తెచ్చింది. సిస్టర్లు దొరకనప్పుడు ఖాళీ నింపేవాళ్ళుగా కాదు, వాళ్ళదీ ఒక పిలుపేనని అందులో ఉంది.

బలహీనతలూ ఉన్నాయి, దాచడమెందుకు. నిన్నటిదాకా స్టాఫ్‌రూమ్‌లో కలిసి క్యారేజీ విప్పిన మనిషి ఇవాళ లీవు లెటర్ మీద సంతకం పెడుతుంటే మిగతావాళ్ళకు మింగుడుపడదు. 'మనలో మనం' అని చూసీ చూడనట్టు పోయే ప్రమాదం ఉంది. బంధువుల సీట్ల ఒత్తిడి సిస్టర్‌కు ఉండదు, ఈవిడకు రోజూ ఉంటుంది. జీతం సంగతి చెప్పనక్కర్లేదు. హెచ్‌ఎమ్ అన్న పేరిచ్చి, టీచర్ జీతం మీద ఏదో కాస్త అదనంగా చూపించే యాజమాన్యాలు ఉన్నాయి.

చట్టం మాత్రం ఈ విషయంలో ఎవరి పక్షమూ పట్టలేదు. రాజ్యాంగం 30(1) అధికరణ మైనారిటీలకు బడులు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. హెడ్‌మాస్టర్‌ను ఎంచుకోవడం ఆ హక్కులో ముఖ్యమైన భాగమని 1998లో అమ్మద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అర్హత ఉంటే సీనియారిటీ చూడకుండా నచ్చినవాళ్ళను ప్రిన్సిపాల్‌గా పెట్టుకోవచ్చని 2006లో మలంకర సిరియన్ కథోలిక కాలేజీ కేసులో ఇంకా గట్టిగా చెప్పింది. పాతికేళ్ళ సర్వీసు ఉన్న టీచర్‌ను పక్కనపెట్టి, నిన్న బీఎడ్ ముగించిన సిస్టర్‌ను కూర్చోబెట్టినా అడిగేవాళ్ళు లేనిది అందుకే. అదే హక్కుతో ఆ పాతికేళ్ళ టీచర్‌నే కూర్చోబెట్టొచ్చు కూడా. యాజమాన్యాలు ఆ హక్కును ఎక్కువగా ఒక వైపే వాడాయి.

విచారణ బడి, అంటే పారిష్ బడి, అనే మూడో రకం ఉంది. చర్చి ఆవరణలో బడి, విచారణ గురువులే కరస్పాండెంట్. దీని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఫాదర్‌కు ఆదివారం పూజ, పెళ్ళిళ్ళు, సమాధి ప్రార్థనలు, పల్లెల్లో ఉప చర్చిలు, వీటన్నిటి తర్వాతే బడి. ఫాదర్ ఆసక్తి ఉన్న మనిషైతే బడి వెలుగుతుంది, లేకపోతే గుమాస్తా నడుపుతాడు. ఎవరు నడిపినా మేత్రాసనంలోని (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతంలోని) కథోలిక బడులను, మఠాలవి సహా, పర్యవేక్షించే హక్కు పీఠాధిపతి అయిన బిషప్‌దేనని చర్చి చట్టం 806వ నియమం చెబుతోంది. కాగితం మీద ఆ అండ ఉంది.

అమెరికా ఈ దారిలో మనకంటే ముందే నడిచింది. ప్రతి విచారణకూ ఒక బడి ఉండాలని 1884లో బాల్టిమోర్ మహాసభలో అక్కడి బిషప్పులు పట్టుబట్టారు, సిస్టర్లే ఆ బడులను మోశారు. 1960ల మధ్యలో కథోలిక బడుల్లో 50 లక్షలకు పైగా పిల్లలుండేవారు. ఇప్పుడు 20 లక్షలు కూడా లేరు. సిబ్బందిలో నూటికి 95 మందికి పైగా గృహస్థులే. సిస్టర్లు తగ్గేసరికి జీతాల ఖర్చు పెరిగింది, ఫీజులు పెరిగాయి, పేద పేటల్లోని బడులు చాలా మూతపడ్డాయి. టీచరమ్మను హెచ్‌ఎమ్ చేయగానే సరిపోదని నేననేది ఇందుకే. సిస్టర్ పోతే ఆవిడ మఠానికి తిరిగి ఇచ్చిన జీతం కూడా పోతుంది, ఆ లోటు ఎవరు పూడుస్తారో ముందే తేల్చుకోవాలి. అక్కడ కొన్నిచోట్ల డబ్బు, దాతలు, బడి ధ్యేయం చూసుకోవడానికి ప్రెసిడెంట్‌ను, చదువు చూసుకోవడానికి ప్రిన్సిపాల్‌ను విడిగా పెట్టుకున్నారు. మనకిది కొత్తేం కాదు, కరస్పాండెంట్, హెచ్‌ఎమ్ అని ఎప్పటినుంచో ఉన్నదే. మన దగ్గర ఆ రెండు కుర్చీల మధ్య గీత ఎక్కడుందో ఎవరూ కాగితం మీద పెట్టలేదు.

మతం మాట కూడా అనుకోవాలి. సిస్టర్ లేకపోతే బడి 'కథోలిక' బడిగా ఉంటుందా అని కొందరి భయం, ఉంటే పిల్లలకు మతం నూరిపోస్తారని ఇంకొందరి భయం. రెండూ అతే. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో పిల్లల్ని వాళ్ళ తల్లిదండ్రుల ఒప్పుదల లేకుండా మత బోధకు కూర్చోబెట్టకూడదని 28(3) అధికరణ ఎప్పుడో చెప్పింది. కథోలిక బిషప్పుల సమాఖ్య విద్యా విభాగం కూడా 2024లో బడులకు సూచనలిచ్చింది. వేరే మతాల పిల్లల మీద మన ఆచారాలు రుద్దకండి, ఉదయం అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించండి, సర్వమత ప్రార్థనకు ఒక గది పెట్టండి అని. కథోలిక పిల్లలకు సత్యోపదేశం (మత పాఠాలు) ఒక సిస్టర్ విడిగా చెప్పుకుంటే చాలు, దానికి హెచ్‌ఎమ్ కుర్చీ అక్కర్లేదు.

నన్నడిగితే నగరంలోని ప్రైమరీ బడికి టీచరమ్మే మేలు, కనీసం పదేళ్ళ పాటు. ఏజెన్సీ వైపు, పాడేరు, అరకు లాంటి చోట్ల హాస్టల్‌తో ఉన్న బడికి మాత్రం సిస్టరే ఉండాలి. రాత్రి రెండింటికి జ్వరం వచ్చిన పిల్ల పక్కన మనిషి కావాలి అక్కడ.

నగరంలో టీచరమ్మను కూర్చోబెట్టేటప్పుడు ఏడాదికి ఇంతమందికి ఫీజు రాయితీ ఇచ్చే, ఇన్ని వాయిదాలు పొడిగించే అధికారం ఆవిడ సంతకానికే ఉండాలి, కరస్పాండెంట్‌ను అడగక్కర్లేకుండా. సీట్ల విషయం మాత్రం సిస్టర్ చేతిలోనే ఉంచండి. బంధువులు, కార్పొరేటర్లు అడిగితే ఆ 'లేదు' అనే పని ఆవిడే చేయగలదు. జీతం హెచ్‌ఎమ్ జీతంలా ఉండాలి. మఠం తన వంతుగా ఒక సిస్టర్‌నైనా తరగతిలో పాఠం చెప్పడానికి పంపాలి. ఆఫీసులో కాదు, రెండో తరగతిలో.

టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) సంగతి కూడా ఇప్పుడే చూసుకోవడం మంచిది. విద్యాహక్కు చట్టం మైనారిటీ బడులకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టులో ప్రమతి తీర్పు వచ్చింది కాబట్టి చాలామంది నిశ్చింతగా ఉన్నారు. 2025 సెప్టెంబర్ 1న అదే కోర్టులో ఇద్దరు జడ్జీల బెంచ్ ఆ తీర్పు సరైనదేనా అని అనుమానపడి, విషయాన్ని పెద్ద బెంచ్‌కు పంపమంది. అది తిరగబడితే టెట్ ఒక్కటే కాదు, పేద పిల్లలకు 25 శాతం సీట్లివ్వాలన్న నిబంధన కూడా గేటు దాకా వస్తుంది. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ స్టాఫ్‌ను వెనక్కు తీసుకుంటామన్నప్పుడు ఏం చేయాలో తెలియక యాజమాన్యాలు ఎంత అయోమయపడ్డాయో, విశాఖలో తల్లిదండ్రులు ఎలా రోడ్డెక్కారో గుర్తుందిగా. ఈసారి ముందుగా కాగితాలు సర్దుకునే తీరిక బదిలీ మీద వచ్చి పోయే హెచ్‌ఎమ్‌కు ఉండదు.