బతికున్న ఎస్ఎంపీఎస్‌ను ఎందుకు తీసేశాను: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

2016లో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకున్నప్పుడు 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు తగ్గ తక్కువ వోల్టులకు మార్చి అందించే డబ్బా) తీసుకున్నాను. కరెంటు ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే బ్రాంజ్ రేటింగు, ఐదేళ్ల వారంటీ. నాది డీటీపీ పని: పెళ్లి పత్రికలు, కరపత్రాలు, అప్పుడప్పుడు ఒక పుస్తకం. రోజుకు పది పన్నెండు గంటలు సిస్టమ్ నడుస్తూనే ఉంటుంది. 2024 వేసవిలో ఆ డబ్బాను తీసేశాను. అప్పటికి అది పోలేదు. పోయి ఉంటే ఇంత ఆలోచన ఉండేదే కాదు.

మొదటి ఆరేళ్లు అదొకటి ఉందన్న సంగతే నాకు గుర్తులేదు. ఏడో ఏట, ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్ టిక్కుమంది, కంప్యూటర్ ఆగిపోయి మళ్లీ మొదలైంది. సగం దిద్దిన శుభలేఖ గాలిలో కలిసింది. వరుడి తాతగారి పేరు ఆ రోజు మూడుసార్లు టైపు చేశాను.

అందరిలాగే యూపీఎస్ బ్యాటరీని తిట్టుకున్నాను. పన్నెండు వందలు పోసి కొత్తది వేయించాను. వారం రోజులు బాగానే ఉంది, తర్వాత మళ్లీ అదే వరస. అయితే ఒక తేడా గమనించాను. ఊరికే ఏదో చదువుకుంటున్నప్పుడు కరెంటు పోతే ఏమీ అయ్యేది కాదు. పెద్ద ఫైలును పీడీఎఫ్‌గా మారుస్తున్నప్పుడు పోతే మాత్రం ఠక్కున ఆగిపోయేది.

ఒక ఆదివారం యూపీఎస్‌కు కంప్యూటర్ బదులు టేబుల్ ల్యాంపు తగిలించి, గోడ దగ్గర ప్లగ్గు లాగాను. బల్బు రెప్పపాటు మిణుకుమని మళ్లీ వెలిగింది. పక్క షాపు వారి కంప్యూటర్ తెచ్చి అదే యూపీఎస్ మీద పెద్ద పనిలో పెట్టి లాగాను. చలించలేదు. యూపీఎస్ నిర్దోషి అని తేలింది, పన్నెండు వందలు దండగ అనీ తేలింది.

సంగతి ఇది. కరెంటు పోయాక యూపీఎస్ బ్యాటరీకి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆ సందులో కంప్యూటర్‌ను నిలబెట్టేది ఎస్ఎంపీఎస్‌లో కరెంటును కాసేపు నిల్వ ఉంచే పెద్ద కెపాసిటర్. కంప్యూటర్ ఎస్ఎంపీఎస్‌లకు వర్తించే ఏటీఎక్స్ ప్రమాణం, నేను కొన్ననాటి దాని ప్రకారం, నిండు లోడు మీద కూడా సుమారు 16 మిల్లీసెకన్లు నిలబెట్టాలి. ఏళ్లు గడిచేకొద్దీ కెపాసిటర్‌లోని ద్రవం ఆరుతుంది, నిల్వ తగ్గుతుంది. లోడు తక్కువైతే ఆ మిగిలినదే సరిపోతుంది, ఎక్కువైతే చాలదు. కొన్ని ఎస్ఎంపీఎస్‌లకు చౌక యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఇచ్చే చదరపు తరంగం (మెత్తగా కాక మెట్లుగా మారే కరెంటు) మొదటి నుంచీ పడదు, అది వేరే గొడవ. నా విషయంలో అదే యూపీఎస్‌తో ఆరేళ్లు సజావుగా గడిచింది కాబట్టి అనుమానం వయసు మీదికే పోయింది.

ఈలోగా ఇంకో లక్షణం మొదలైంది. పొద్దున్నే బటన్ నొక్కితే ఫ్యాన్ ఒక చుట్టు తిరిగి ఆగేది, రెండోసారి నొక్కితే లేచేది. మల్టీమీటర్‌తో 12 వోల్టులు రావలసిన పసుపు వైరు చూశాను: 11.9 వోల్టులు. 11.4 నుంచి 12.6 దాకా అనుమతే కాబట్టి పాసు మార్కులే. (సాఫ్ట్‌వేర్ 11.2 చూపించింది, మదర్‌బోర్డు సెన్సార్ మాట నమ్మి గుండె బాదుకోకండి.) కానీ మామూలు మీటరు ఆ సరఫరాలోని సన్నని అలజడిని పట్టదు, కరెంటు పోయిన క్షణంలో ఏం జరిగిందో అసలే చెప్పదు. డబ్బాను విడిగా ఆన్ చేయడానికి దాని ఆకుపచ్చ వైరునూ నల్ల వైరునూ కలిపి ఫ్యాన్ తిప్పి చూపించి "బాగానే ఉంది సార్" అన్న మెకానిక్ పరీక్ష కూడా అంతే. అది ప్రాణం ఉందనే చెబుతుంది, సత్తువ ఎంతో చెప్పదు.

వారంటీ ముగిసిన రోజే మార్చేయాలనే వారితో నేను ఏకీభవించను. నాది వారంటీ దాటి ఏడాది ఏ లోటూ లేకుండా పనిచేసింది. పోయేదాకా వాడదాం అనేవారితో అసలే ఏకీభవించను, పోతూ పోతూ మదర్‌బోర్డును తీసుకుపోతే ఎవరిని అడుగుతాం? పైగా వారంటీలో రాసే ఏళ్లు అందరికీ ఒకటి కావు. ఈ కెపాసిటర్లకు వేడి పది డిగ్రీలు తగ్గితే ఆయువు దాదాపు రెట్టింపవుతుందంటారు. ఏసీ గదిలో ఉన్నదానికీ, రేకుల కప్పు కింద బల్ల మూలన దుమ్ము మింగుతున్న నాదానికీ పోలికేమిటి?

కొత్తది 550 వాట్లది, నాలుగు వేల రెండు వందలైంది. వాట్లు పెంచడం నా సిస్టమ్‌కు అవసరం లేదు, అదే ధరకు దొరికింది కాబట్టి తీసుకున్నాను. బిగించేటప్పుడు కుర్రవాడు శ్రమ తగ్గుతుందని పాత హార్డ్ డిస్కు కేబుల్‌నే కొత్త డబ్బాకు గుచ్చబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఊడదీసే కేబుళ్లకు డబ్బాలో గుచ్చే వైపు పిన్నుల వరస ఒక ఎస్ఎంపీఎస్‌కూ ఇంకొకదానికీ కలవకపోవచ్చు, ఒక్కోసారి ఒకే కంపెనీలో కూడా. ప్లగ్గు మాత్రం చక్కగా పట్టొచ్చు, డిస్కు కాలిపోవచ్చు.

ఏడాదిన్నరగా పొద్దున మొదటి నొక్కుకే లేస్తోంది. రెండు మూడు నెలలకొకసారి పెద్ద ఫైలు నడుస్తుండగా యూపీఎస్ ప్లగ్గు లాగి చూస్తాను, అంతకుముందు పని సేవ్ చేసుకునే. పాతదాన్ని విప్పి చూస్తానని మా అబ్బాయి సరదా పడ్డాడు. ప్లగ్గు తీసినా ఆ పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చని చెప్పి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చి వచ్చాను. వాడికి ఇంకా కోపం పోలేదు.