ఇద్దరికి ఒకే గాలం: శంకర్‌పల్లి దారిలోని ఆదివారం శిక్షణపై సమీక్ష

హైదరాబాద్‌లో హైస్కూలు పిల్లలకు ఈత, క్రికెట్, బ్యాడ్మింటన్ నేర్పే చోట్లకు కొదవ లేదు గానీ, గాలం వేయడం నేర్పే చోటు కూడా ఉందని పక్క ఫ్లాటు వాళ్లు చెప్పేదాకా నాకు తెలియదు. శంకర్‌పల్లి దారిలో ఒక కుటుంబం తమ పొలంలో తవ్వించుకున్న చేపల చెరువు దగ్గర ఆదివారం ఉదయాలు ఈ శిక్షణ జరుగుతుంది. జనం ఎక్కువైతే పిల్లలను కనిపెట్టుకుని ఉండలేమని నిర్వాహకులు అన్నందువల్ల ఇక్కడ పేరు రాయడం లేదు.

ఈ శిక్షణకు ప్రాణం జోడీ పద్ధతి. చేరిన ప్రతి విద్యార్థికీ జోడీని నిర్వాహకులే నిర్ణయించి, ఇద్దరికీ కలిపి ఒకే గాలం ఇస్తారు. టర్ము ముగిసేదాకా ఆ జోడీని మార్చరు. ఒకరు గాలం వేస్తుంటే రెండోవారు ఎర కలపాలి, బెండు మీద కన్నేసి ఉంచాలి, చేప పడగానే చేతివలతో గట్టు అంచుకు దిగాలి. ఈ ఆలోచన అమెరికా హైస్కూళ్ల నుంచి వచ్చిందట. అక్కడ ఇల్లినాయ్ రాష్ట్రపు హైస్కూలు క్రీడల సంఘం 2009లోనే బాస్ చేపల వేటలో రాష్ట్రస్థాయి పోటీ మొదలుపెట్టింది. పడవలో ఇద్దరు విద్యార్థులు, వారితో ఒక పెద్దవారు ఉంటారు, ఆ పెద్దవారు గాలం పట్టకూడదు, పట్టిన చేపను ప్రాణంతోనే తూచి తిరిగి నీటిలో వదలాలి. మన చెరువులో పడవలూ లేవు, బాస్ చేపలూ లేవు. రవ్వ, బొచ్చె, బంగారుతీగ, అదృష్టం బాగుంటే కొర్రమీను పడతాయి.

జోడీని మార్చకపోవడం ఎందుకంత ముఖ్యమో నగరంలోని కార్పొరేట్ పాఠశాలల సంగతి తెలిసిన తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కరలేదు. పరీక్షల మార్కులను బట్టి సెక్షన్లు మార్చే చోట, కాస్త మాట కలిసిన స్నేహితుడు కొన్నాళ్లకే పై సెక్షన్‌కో కింది సెక్షన్‌కో వెళ్లిపోతుంటే, సహజంగానే మితభాషి అయిన పిల్లవాడు క్రమంగా ఎవరితోనూ మాట కలపడం మానేస్తాడు. క్రికెట్ జట్టులో చోటు దొరకాలంటే ముందే ఆట వచ్చి ఉండాలి. ఇక్కడ మాత్రం ఏమీ రాకపోయినా పని ఉంటుంది, ఆ పని చేయకపోతే పక్కవాడి గాలం ఆగిపోతుంది. చుట్టుపక్కల ప్రభుత్వ పాఠశాలల పిల్లలను ఫీజు లేకుండా చేర్చుకుంటారు. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయికి జోడీగా వచ్చినవాడు అలాంటి విద్యార్థే, నీటి గురించి వాడికి తెలిసినదానిలో సగం కూడా మావాడికి తెలియదు. ఒకసారి చేతివల అందించడం ఆలస్యమై మంచి రవ్వ జారిపోతే ఇద్దరూ ఆ పూటంతా మాట్లాడుకోలేదు. తరువాతి ఆదివారం మళ్లీ అదే గాలం, అదే గట్టు. ఎర ఎంత గట్టిగా ఉండాలన్న దగ్గర మాటలు మొదలయ్యాయి. ఇంట్లో నేను ఎంత చెప్పినా రాని ఓర్పు ఇలా వస్తుందని అనుకోలేదు.

నేర్పే పెద్దాయనది తరతరాలుగా చేపల వేటే వృత్తిగా ఉన్న కుటుంబం. పిల్లలంతా ఆయనను తాతా అనే పిలుస్తారు. బొచ్చె పై నీటిలో, రవ్వ మధ్యలో, బంగారుతీగ అడుగున మేస్తాయి కాబట్టి బెండును దారం మీద ఎక్కడ కట్టాలో చేపను బట్టి ఆలోచించుకోమంటారు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు మందంగా ఉంటాయని, ఎండ పడి నీటిలోని నాచు పని మొదలుపెట్టాకే మేతకు వస్తాయని చెప్పి, పొద్దెక్కేదాకా పిల్లలతో తవుడు, వేరుశనగ చెక్క, సోంపు పొడి కలిపిస్తారు. పొడి చేతులతో పడితే చేప ఒంటి మీది జిగురు ఊడి జబ్బు చేస్తుందని, చేయి తడిపాకే ముట్టుకోనిస్తారు. ఈ పాఠాలకే నెలకు మూడు వేల రూపాయలు ఇవ్వవచ్చునని నా అభిప్రాయం.

లోపాలూ ఉన్నాయి. నెలాఖరున బరువును బట్టి ఇచ్చే బహుమతి అనవసరం. ఆ రోజు కొందరు తల్లిదండ్రులు గట్టు మీద నిలబడి పిల్లలకు ఆదేశాలిస్తుంటే, మార్కుల గోల ఇక్కడికీ వచ్చిందేమోనని చిరాకు కలుగుతుంది. మరుగుదొడ్డి ఒక్కటే ఉంది, అదీ దూరంగా ఉంది. ఆడపిల్లలు తక్కువగా చేరడానికి అదే ప్రధాన కారణమని ఇద్దరు ముగ్గురు తల్లులు నాతో అన్నారు. లైఫ్ జాకెట్లు ఉన్నా అడిగితేనే ఇస్తారు. ఈత రాని పిల్లలు గట్టు అంచున నిలబడే చోట అడగకుండానే తొడిగించాలి. ఈ ఒక్క విషయంలో నేను రాజీ పడలేను, పిల్లవాడిని దింపినప్పుడే జాకెట్ వేయించి గానీ వెనుదిరగను.

వానాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో శిక్షణ ఉండదు, కొత్త బ్యాచ్ దసరా తరువాత మొదలవుతుంది. స్నేహితుడిని వెంటబెట్టుకుని వెళ్లి జోడీగా చేర్చుకోమంటే ఒప్పుకోరు, అన్నదమ్ములనైనా విడదీస్తారు. కాబట్టి తోడు ఎవరూ లేరని ఆగిపోనక్కరలేదు, ఒంటరిగానే పంపండి.