జేసీ రోడ్డులో చేయించిన సీటు: మూడేళ్లు, 38 వేల కిలోమీటర్ల తర్వాత

బెంగళూరు యలహంకలో బయలుదేరి మా ఊరు గుత్తికి పోయేటప్పుడు బాగేపల్లి దగ్గర నా బండి ఆగి తీరాల్సిందే. పెట్రోలుకో టీకో కాదు. అప్పటికి 85 కిలోమీటర్లు అయ్యుంటాయి, గంటన్నర కూర్చుని ఉంటాను, పిరుదుల అడుగున మంట మొదలయ్యేది. అక్కడ పది నిమిషాలు నిలబడి, మళ్లీ పెనుకొండ దగ్గర ఆగి, అనంతపురం దాటాక ఇంకోసారి ఆగి, ఊరు చేరేసరికి ఆరు గంటలు. ఇప్పుడు అదే బండి మీద పెనుకొండ దాకా ఒక్క ఊపున పోతున్నాను. ఇంజనూ హ్యాండిలూ టైర్ల సైజూ ఏవీ మార్చలేదు, సీటు ఒక్కటే మార్చాను. అయితే సరైన సీటు దొరకడానికి రెండు ప్రయత్నాలు పట్టాయి. మొదటిదానికే ఎక్కువ డబ్బు పోయింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నాది 2019లో కొన్న 350 సీసీ సింగిల్ సిలిండర్ బండి. నా ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 78 కిలోలు. సీటు గురించి ఎవరు ఏం చెప్పినా ముందు వాళ్ల బరువెంతో అడగండి. 60 కిలోల మనిషికి మెత్తగా, హాయిగా ఉన్న సీటు 90 కిలోల మనిషి కూర్చుంటే అడుగు దాకా అణిగిపోతుంది. పీణ్యలో ఒక మెషిన్ షాపులో పని చేస్తాను. పదిహేను రోజులకోసారి ఊరికి పోయి వస్తాను, రానూ పోనూ 500 కిలోమీటర్లు. సగం ప్రయాణాల్లో మా ఆవిడ వెనక ఉంటుంది.

బండితో వచ్చిన సీటు మొదటి ఏడాది బాగానే ఉంది. 20 వేల కిలోమీటర్లు దాటాక లోపలి స్పాంజి నేను కూర్చునే చోట గుంట పడింది. చేత్తో నొక్కితే తెలియదు, పిడికిలి బిగించి బరువంతా వేసి నొక్కితే అడుగున ప్లాస్టిక్ పలక తగిలేది. దాన్ని కొన్నాళ్లు భరించి, 2021 ఆగస్టులో ఆన్‌లైన్‌లో ఒక రెడీమేడ్ టూరింగ్ సీటు తెప్పించాను. 4,500 రూపాయలు. మెమరీ ఫోమ్, మధ్యలో జెల్ పొర, పైన డైమండ్ కుట్లు. చూడటానికి ఎంతో అందంగా ఉంది. పెట్టె విప్పి బండికి బిగించి కూర్చున్న రోజు, ఇన్నాళ్లూ ఎందుకు ఆగానా అనిపించింది.

మెమరీ ఫోమ్‌ను 1960లలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం తయారు చేశారు. విమానం సీట్లలో కూర్చున్నవాళ్లకు దెబ్బల నుంచి రక్షణ పెంచాలన్నది ఉద్దేశం. ఒంటి వేడికి మెత్తబడి ఆకారానికి తగ్గట్టు ఒదిగిపోవడమే దాని గుణం. మంచి గుణమే. కానీ వేడికి మెత్తబడేది చలికి గట్టిపడుతుంది కదా. డిసెంబరులో తెల్లారి ఐదు గంటలకు యలహంకలో బండి తీస్తే ఆ సీటు చెక్కలా ఉండేది, దేవనహళ్లి దాటేదాకా ఒదిగేది కాదు. అదే సీటు మే నెలలో అనంతపురం ఎండలో, రెక్సిన్ కాలిపోతుండగా, పిండి ముద్దలా జారిపోయేది. అప్పుడు నా బరువంతా నేరుగా అడుగు పలక మీద పడేది. బెంగళూరులో కొని రాయలసీమలో నడిపే మనిషి ఒక్క రోజులోనే రెండు వాతావరణాలు దాటుతాడు. ఆ ఫోమ్ ఆ రెంటికీ సరిపోలేదు. జెల్ సంగతి కూడా అంతే. నీడలో చల్లగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో అరగంట నిలిపామా, ఆ వేడిని పట్టి ఉంచుకుని, బయలుదేరిన చాలాసేపటి దాకా కింద పెనంలా ఉంటుంది.

అన్నిటికన్నా బాధ పెట్టింది మాత్రం దాని మెత్తదనమే. ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. మనం కూర్చున్నప్పుడు బరువు మోయాల్సినవి పిరుదుల అడుగున ఉండే రెండు ఎముకలు. సీటు గట్టిగా ఉండి వాటి కింద ఆసరా ఇస్తే మిగతా కండ మీద ఒత్తిడి ఉండదు. సీటు మరీ మెత్తగా ఉంటే ఆ రెండు ఎముకలూ లోపలికి దిగబడిపోతాయి. అప్పుడు బరువు మధ్య భాగం మీద, వెన్నుపూస చివరి ఎముక మీద పడుతుంది. నరాలు, రక్తనాళాలు నొక్కుకుపోతాయి, తిమ్మిరి ఎక్కుతుంది. దుకాణంలో ఐదు నిమిషాలు కూర్చుంటే ఇదేమీ తెలియదు. మూడో గంటలో తెలుస్తుంది. మెత్తటి సోఫాలో రెండు గంటలు సినిమా చూసి లేచినప్పుడు నడుము పట్టేసినట్టు ఉంటుందే, అదే ఇది.

నీళ్ల సమస్య వేరు. డైమండ్ కుట్టులో సూది దిగిన ప్రతి రంధ్రమూ నీటికి దారే. జులై వానల్లో రెండు రోజులు తడిశాక స్పాంజి నీళ్లు తాగింది. పైన పొడిబట్టతో తుడిచి కూర్చుంటే పది నిమిషాల్లో ప్యాంటు తడిసేది. ఆరడానికి మూడు రోజులు పట్టింది, తర్వాత వాసన. బిగింపు కూడా సరిగ్గా కుదరలేదు, వెనక బోల్టు దగ్గర రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉండి స్పీడ్ బ్రేకర్ల మీద టకటకమనేది. నేను రబ్బరు వాషరు పెట్టి సరిచేశాను. పదకొండు నెలలకు ఆ సీటు తీసేశాను.

తర్వాత జేసీ రోడ్డుకు పోయాను. బెంగళూరులో బండి సామాన్లకు, సీట్ల పనికి అదే పెద్ద బజారు. సీటు పని చేసే మేస్త్రీది హిందూపురం వైపట, తెలుగులోనే మాట్లాడాడు. నేను ఇంకా మెత్తగా కావాలని అడిగాను. ఆయన నా పాత కంపెనీ సీటును చేత్తో తట్టి, "సార్, ఇది పరుపు కాదు. పరుపు మీద పండుకుంటాం, దీని మీద కూర్చోవాల. మెత్తగా చేస్తే రేపే మళ్లీ నా దగ్గరికి వస్తారు" అన్నాడు. తర్వాత బండికి సెంటర్ స్టాండ్ వేయించి నన్ను ఎక్కించాడు. ముందుకు వంగమన్నాడు, కాళ్లు ఫుట్‌రెస్టు మీద పెట్టమన్నాడు, తర్వాత దింపి రెండు కాళ్లూ నేల మీద పెట్టమన్నాడు. తొడల దగ్గర సుద్దముక్కతో గీతలు గీశాడు. 4,500 పెట్టి కొన్న సీటుకు ఈ కొలతలు ఎవరూ తీసుకోలేదు.

ఆయన చేసిన పని ఇదీ. రెక్సిన్ విప్పి, గుంట పడిన స్పాంజిని కత్తితో కోసి తీసేశాడు. ఆ గుంటలో చిప్స్ ఫోమ్ పెట్టాడు. ఇది స్పాంజి ముక్కలను జిగురుతో కలిపి అదిమి చేసేది, రంగురంగుల మచ్చలతో ఉంటుంది. పరుపుల దుకాణాల్లో 90 డెన్సిటీ అంటారు, అంటే ఒక ఘనపు మీటరు 90 కిలోలు తూగుతుందని. బరువును మోసేది ఇదే. దాని పైన అంగుళం మందాన 40 డెన్సిటీ మామూలు ఫోమ్, ఒంటికి మెత్తగా తగలడానికి. రెంటినీ అతికించాక గ్రైండరుకు గరుకు డిస్కు తగిలించి ఆకారం చెక్కాడు. వెనక వెడల్పు చేశాడు, ట్యాంకు వైపు సన్నం చేశాడు. వెడల్పు ఎముకలకు కావాలి, సన్నం కాళ్లు నేలకు అందడానికి కావాలి. ఫోమ్ మొత్తానికి పలచటి ప్లాస్టిక్ షీటు చుట్టి, పైన గరుకు రెక్సిన్ తొడిగి, అడుగున గన్ను పిన్నులు కొట్టాడు. కూర్చునే చోట ఒక్క కుట్టు కూడా లేదు, కుట్లన్నీ పక్కలకు ఉన్నాయి. మధ్యాహ్నం ఇస్తే సాయంత్రానికి అయిపోయింది. 2,200 రూపాయలు.

మొదటి వారం నాకు నచ్చలేదు. గట్టిగా ఉంది, దానికి తోడు ముందు భాగం ఎత్తు ఎక్కువైంది. కంపెనీ సీటు ముందుకు వాలి ఉండేది, బ్రేకు వేసినప్పుడల్లా ట్యాంకు మీదికి జారేవాణ్ణి. దాన్ని సరిచేయబోయి ఆయన ముందు ముక్కును మరీ లేపాడు. దేవనహళ్లి చేరేసరికి తిమ్మిరి. తిరిగి తీసుకుపోతే మారు మాట్లాడకుండా విప్పి అర అంగుళం చెక్కి ఇచ్చాడు, డబ్బు అడగలేదు. చేయించుకునేవాళ్లకు నా సలహా ఇదే: చివరి బిగింపుకు ముందే ఒకసారి వంద కిలోమీటర్లు నడిపి రండి, లేదా తిరిగి చెక్కడానికి ముందే మాట తీసుకోండి. ముందు భాగంలో అర అంగుళం తేడా వస్తే సీటు మొత్తం మారిపోతుంది.

దాదాపు 800 కిలోమీటర్లు తిరిగాక పై ఫోమ్ కాస్త అణిగి కుదురుకుంది. ఆ తర్వాత ఈ మూడేళ్లలో దాని గురించి ఆలోచించిన సందర్భాలు తక్కువ. సీటుకు అంతకన్నా ఏం కావాలి? గుత్తి ప్రయాణాలు కాక గండికోటకు రెండుసార్లు, తిరుపతికి మూడుసార్లు, ఒకసారి ఒక్క రోజులో హైదరాబాదుకు పోయాను. హైదరాబాదు రోజు కర్నూలు దాటాక నొప్పి వచ్చింది, కాదనను. కానీ అది మామూలు అలసట. మంట లేదు, తిమ్మిరి లేదు. జడ్చర్లలో దిగి టీ తాగితే తగ్గిపోయింది.

వెనక సీటు గురించి మా ఆవిడ మాటే చెప్పాలి, అక్కడ కూర్చునేది తను. రెడీమేడ్ సీటు ఉన్న రోజుల్లో ఒకసారి చిలమత్తూరు దగ్గర దిగి, "ఇంగ నేను బస్సులో వస్తా, నువ్వు బండి మీద రా" అంది. నిజంగానే హిందూపురం నుంచి బస్సెక్కింది. ఆ సీటులో వెనక భాగం గుండ్రంగా ఉండేది, తను అటూ ఇటూ జారకుండా ఉండటానికి తొడలు బిగబట్టుకునేది. జేసీ రోడ్డు సీటుకు వెనక బల్లపరుపుగా చేయించాను. ఇప్పుడు అనంతపురం దాకా ఇబ్బంది లేదంటుంది, అది దాటాక నడుము లాగుతుందంటుంది. నడుముకు ఆనుకోవడానికి ఏమీ లేకపోవడం వల్ల వచ్చే నొప్పి అది, స్పాంజితో తీరదు. ఒక తప్పు మాత్రం జరిగింది. పాత సీటు మధ్యలో పట్టుకునే పట్టీ ఉండేది, కొత్త రెక్సిన్‌కు అది పెట్టలేదు. నేనూ గమనించలేదు. వెనక కూర్చునేవాళ్లు పట్టుకోవడానికి ఆసరా ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతోంది. నా బండికి వెనక ఇనుప కడ్డీ ఉంది కాబట్టి సరిపోయింది. అది లేని బండ్లవాళ్లు పట్టీ సంగతి మరచిపోవద్దు.

ఎత్తు అర అంగుళం పైనే పెరిగింది. నాకు మడమలు కాస్త లేస్తాయి తప్ప ఇబ్బంది లేదు. మా షాపులో 5 అడుగుల 3 అంగుళాల కుర్రాడు ఎక్కి సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో తడబడ్డాడు. పొట్టివాళ్లు ఎత్తు పెంచకుండా ఉన్న స్పాంజిలోనే మార్పు చేయించుకోవడం మంచిది.

వానలో ప్లాస్టిక్ షీటు బాగా పని చేసింది, మూడు వానాకాలాల్లో లోపల తడవలేదు. దాని నష్టం ఎండాకాలంలో తెలుస్తుంది. గాలి ఆడదు, చెమట పడుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పైన మెష్ కవరు వేస్తాను, 300 రూపాయల్లో వస్తుంది. రెక్సిన్‌కూ ఒంటికీ మధ్య గాలి ఆడటం వల్ల చాలా తేడా ఉంది. గాలి గదుల కుషన్ కూడా ఒక స్నేహితుడి దగ్గర తీసుకుని వాడి చూశాను. చక్రాల కుర్చీల్లో గంటల తరబడి కూర్చునేవాళ్లకు పుండ్లు పడకుండా చేసిన కుషన్ల పద్ధతే అది. నొప్పి తగ్గించడంలో అన్నిటికన్నా అదే మెరుగు. గాలి నిండుగా కొట్టకూడదు, కూర్చున్నాక అడుగుకూ ఒంటికీ మధ్య అర అంగుళం మిగిలితే చాలు. కానీ మలుపుల్లో బండి మీద కాక పడవ మీద ఉన్నట్టు ఊగుతుంది. నంది కొండ దారిలో నాకు భయమేసింది. నేరుగా పోయే హైవేకు తీసుకోండి, ఘాట్ రోడ్లకు వద్దు.

రోజూ పదిహేను కిలోమీటర్లు ఆఫీసుకు పోయి వచ్చేవాళ్లు ఇందులో దేనికీ డబ్బు పెట్టక్కర్లేదు. వెనక షాక్ అబ్జార్బర్ స్ప్రింగు ఇద్దరి బరువుకు బిగించి ఉంటే, ఒంటరిగా పోయేటప్పుడు ఒక మెట్టు వదులు చేసి చూడండి. సీటు నొప్పి అనుకునేదాంట్లో కొంత అదే. జీన్స్ ప్యాంటు మధ్య లావు కుట్టు కూడా మూడో గంటలో గుచ్చుతుంది, దూరం పోయే రోజు మామూలు కాటన్ ప్యాంటు వేసుకోండి. నడుం నొప్పో మొలలో ముందే ఉన్నవాళ్లు మాత్రం సీటు మేస్త్రీ కన్నా ముందు డాక్టర్ని కలవాలి.

ఇప్పుడు నా సీటు ఎడమ పక్క, తొడ రాసుకునే చోట కుట్టు రెండు అంగుళాలు విడిపోయింది. లోపల స్పాంజి చెక్కు చెదరలేదు, పిడికిలితో నొక్కితే పలక తగలడం లేదు. వానలు ముదరకముందే, ఈ శనివారం జేసీ రోడ్డుకు పోతున్నాను. రెక్సిన్ ఒక్కటే మార్చి, స్పాంజిని ముట్టుకోవద్దని చెబుతాను. పట్టీ పెట్టించుకుని రాకపోతే మళ్లీ బస్సెక్కుతానని మా ఆవిడ ముందే చెప్పింది.