కత్తికి సిగ్గొచ్చింది: పిడిలో ఎల్‌ఈడీతో రెండేళ్లు

లైట్‌సేబర్, అంటే స్టార్ వార్స్ సినిమాల్లో కనిపించే వెలుగు కత్తి, సొంతంగా చేసుకుని రెండేళ్లయింది. పిడి, స్విచ్, సౌండ్ బోర్డు సంగతులు ఏ వీడియోలో చూసినా దొరుకుతాయి, వాటిని వదిలేస్తున్నాను. నా గోడు మొత్తం ఎల్‌ఈడీతోనే.

గొట్టం పొడవునా పిక్సెల్ స్ట్రిప్ (చిన్న ఎల్‌ఈడీలు వరుసగా అతికిన పట్టీ) పెట్టకుండా పిడిలోనే ఒక స్టార్ ఎల్‌ఈడీ బిగించాను. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చిప్పులు మూడూ ఒకే పలక మీద ఉండే రకం. కత్తిలో వైరు ముక్క కూడా ఉండదు. ఖాళీ పాలీకార్బనేట్ గొట్టం, లోపల గిఫ్టులకు చుట్టే సెల్లోఫేన్ చుట్ట, అంతే. మా అక్క కొడుకులిద్దరూ దాన్ని సోఫాకేసి, తలుపుకేసి, ఒకడి వీపున ఇంకొకడు కొట్టుకున్నా చెక్కుచెదరలేదు. ఆ సంబరంలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ‘మూడు రంగుల స్టారే కొనండి, ఏ రంగు కావాలంటే ఆ రంగు’ అని చెప్పాను. నేను ఎరుపు, నీలం కలిపి ఊదా పెట్టుకున్నాను.

పెద్దోడి పుట్టినరోజున లైట్లన్నీ ఆర్పి కత్తి వెలిగించాం. హాలంతా ఊదా. గంట గడిచాక చిన్నోడు అరిచాడు: “మామయ్యా, కత్తికి సిగ్గొచ్చింది!” చూద్దును కదా, ఊదా కాస్తా గులాబీ అయిపోయింది.

వేడికి నీలం చిప్పు పోయిందేమోనని ఒకటే టెన్షన్. రాత్రే విప్పి, వేడిని లాగేసే హీట్‌సింక్‌కు పేస్ట్ కొత్తగా రాసి, ఛార్జింగ్ పెట్టాను. పొద్దున వెలిగిస్తే మళ్లీ చక్కటి ఊదా. గంటకు మళ్లీ సిగ్గు! అప్పుడు బ్యాటరీకి మీటర్ పెడితే 3.5 వోల్టులు.

అసలు సంగతి అదీ. పిడిలో ఉండే 18650 సెల్ (ఛార్జ్ చేసుకునే లిథియం బ్యాటరీ) నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు ఇస్తుంది. ఎరుపుకు 2.2 చాలు. నీలానికి మూడు దాటాలి. సెల్ దిగేకొద్దీ ముందు నీలమే నీరసిస్తుంది, ఎరుపు పెద్దగా తగ్గదు. కరెంటుకు అడ్డుపడే ఉత్త రెసిస్టర్లతో నడిపితే ఇంతే. నీలం రెసిస్టర్ తగ్గించి చూశాను. ఈసారి కత్తి నీలంగా మొదలై, గులాబీగా ముగిసింది. మధ్యలో ఓ పావుగంట మాత్రం అసలైన ఊదా.

రెండు సెల్స్, రంగుకో కాన్‌స్టంట్ కరెంట్ డ్రైవర్ (సెల్ దిగినా కరెంటును ఒకేలా ఇచ్చే సర్క్యూట్) పెడితే కుదురుతుంది. నా పిడిలో అంత చోటు లేదు. అందుకని ఎరుపు వైరు తీసేసి ఉత్త నీలంతో వాడుతున్నాను. ఛార్జ్ తగ్గితే వెలుగు తగ్గుతుంది గానీ రంగు అదే.

ఇప్పుడెవరైనా అడిగితే, ఒక్క సెల్ పట్టే పిడికి ఒకే రంగు స్టార్ తీసుకోమంటున్నాను. అదీ కొట్టుకునే పిల్లలున్న ఇంటికి. ఫొటోల కోసమో స్టేజీ కోసమో అయితే పిక్సెలే నయమేమో: పిడిలో ఎల్‌ఈడీ పెడితే కొనకొచ్చేసరికి వెలుగు పలచబడుతుంది, ఇన్నాళ్లూ ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. స్ట్రిప్‌లో ఒక్క అతుకు ఊడితే ఆ పైదంతా చీకటి, అదొక తంటా.

తీసేసిన ఎరుపు వైరు మొనకు టేపు చుట్టి పిడిలోనే ఉంచాను. సిగ్గుపడే కత్తి మళ్లీ కావాలని చిన్నోడు పోరుపెడుతున్నాడు.